థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత బరువు, బి.పి. ఎందుకు మారతాయి?

ఈ వారం టపాలో వచ్చిన రెండు ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చదివితే, ఈ విషయం కాస్త వివరంగా చెప్పవలసిన అవసరం ఉందనిపించింది. రెండూ థైరాయిడ్ గ్రంథికి కాన్సర్ వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవారి గురించినవే. కాని ఇద్దరి బాధలూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

మొదటి ఉత్తరం తెనాలి దగ్గర నుంచి ఒక గృహిణి రాశారు. వయస్సు 42. ఎనిమిది నెలల క్రితం గ్రంథి మొత్తం తీసివేశారు. ఆపరేషన్‌కు ముందు 58 కిలోలున్న మనిషి ఇప్పుడు 65 కిలోలు. ఎప్పుడూ 120/80 ఉండే బి.పి. ఇప్పుడు 142/98. "ఈ థైరాయిడ్ బిళ్ళల వల్లే ఒళ్ళు వస్తుందని మా పక్కింటావిడ చెప్పింది. అందుకని రెండు నెలల నుంచి రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. అయినా బరువు తగ్గలేదు. పూర్తిగా మానేయమంటారా?" అని అడిగారు.

రెండవ ఉత్తరం కరీంనగర్ నుంచి ఒక అమ్మాయి తన తండ్రిగారి గురించి రాసింది. ఆయన వయస్సు 63. ఆపరేషన్ జరిగి మూడేళ్ళయింది. ఆకలి బాగానే ఉంది, అన్నం బాగానే తింటున్నారు. అయినా 70 కిలోల మనిషి 63కి దిగారు. చేతులు వణుకుతున్నాయి. రాత్రిళ్ళు నిద్ర లేదు. గుండె దడ. బి.పి. 160/70, నాడి నిమిషానికి 104. "కాన్సర్ మళ్ళీ తిరగబెట్టిందేమోనని అమ్మ రాత్రింబవళ్ళు ఏడుస్తోంది. నాన్నగారికి తెలియకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను" అని రాసింది.

ఇద్దరికీ జరిగిన ఆపరేషన్ ఒకటే. ఇద్దరూ మింగే మాత్ర ఒకటే. ఒకరు లావెక్కుతున్నారు, ఒకరు చిక్కిపోతున్నారు. బి.పి. మాత్రం ఇద్దరికీ పెరిగింది. ఇదెలా సాధ్యం? జవాబు తెలియాలంటే ముందు ఆ గ్రంథి ఏం చేస్తుందో తెలియాలి.

గ్రంథి చేసే పని

గొంతు ముందు భాగంలో, కంఠముడికి కొంచెం కింద, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా అతుక్కుని ఉండేది థైరాయిడ్ గ్రంథి. బరువు సుమారు 20 గ్రాములు. ఇంత చిన్న గ్రంథి నుంచి వచ్చే హార్మోను శరీరంలో ప్రతి కణానికీ చేరి, అది ఎంత వేగంగా పనిచేయాలో నిర్ణయిస్తుంది. పొయ్యి కింద మంటలాంటిది అనుకోండి. మంట తగ్గితే అన్నం ఉడకదు, ఎక్కువైతే మాడిపోతుంది. గుండె కొట్టుకునే వేగం, ఒంట్లోని వేడి, పేగుల కదలిక, చర్మం, జుట్టు, నిద్ర, మనస్సు అన్నీ ఈ మంట మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ గ్రంథి మీద అజమాయిషీ చేసేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. అది పంపే హార్మోను పేరు టి.ఎస్.హెచ్. రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గితే పిట్యూటరీ ఎక్కువ టి.ఎస్.హెచ్. పంపుతుంది. హార్మోను ఎక్కువైతే టి.ఎస్.హెచ్. తగ్గిస్తుంది. పని సరిగా జరగకపోతే యజమాని గొంతు పెంచుతాడు, జరుగుతుంటే తగ్గిస్తాడు కదా! అందుకే రిపోర్టులో టి.ఎస్.హెచ్. అంకె పెరిగిందంటే ఒంట్లో హార్మోను చాలడం లేదని అర్థం. అంకె బాగా తగ్గిందంటే హార్మోను ఎక్కువైందని అర్థం. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, "టి.ఎస్.హెచ్. పెరిగింది కాబట్టి మాత్ర తగ్గిస్తాను" అనుకుంటారు. అది పొరపాటు.

గ్రంథి లేకపోతే ఏమవుతుందో ప్రపంచానికి తెలియడానికి ఒక శస్త్రవైద్యుని పరిశీలన ఎంతో తోడ్పడింది. స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో థియొడోర్ కోకర్ అనే సర్జను గళగండానికి గ్రంథి మొత్తం తీసివేసే ఆపరేషన్లు చేసేవాడు. అలా చేయించుకున్న రోగులను తిరిగి పిలిపించి చూస్తే, చాలామంది ముఖాలు ఉబ్బి, చర్మం మందమై, మాట నెమ్మదించి, చురుకుదనం పోయి కనిపించారు. ఈ సంగతిని ఆయన 1883లో దాచకుండా ప్రకటించాడు. ఆ తర్వాత కాన్సర్ కాని గళగండానికి గ్రంథిని పూర్తిగా తీయడం మానుకున్నాడు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అనే వైద్యుడు, థైరాయిడ్ పూర్తిగా దెబ్బతిన్న 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చాడు. ఆమె కోలుకుని ఇంకో 28 ఏళ్ళు బ్రతికింది. ఆ హార్మోనును 1914లో అమెరికాలో కెండాల్ విడదీశాడు. 1927 నాటికి బ్రిటన్‌లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేయగలిగారు. ఈనాడు మీరు మింగే లీవోథైరాక్సిన్ మాత్ర ఆ హార్మోనే.

కాబట్టి ముందుగా మనస్సులో పెట్టుకోవలసిన మాట ఇది: గ్రంథి మొత్తం తీసివేసినవారికి ఈ మాత్ర తలనొప్పి బిళ్ళలాంటి మందు కాదు. పోయిన గ్రంథి స్థానంలో ఉన్నది అదే. దాన్ని మానేయడమంటే శరీరానికి ప్రాణాధారమైన హార్మోనును ఆపివేయడమే.

మాత్ర చాలకపోతే

తెనాలి సోదరికి జరిగింది ఇదే. ఆమె ఉత్తరంతో పాటు పంపిన రిపోర్టులో టి.ఎస్.హెచ్. 18 ఉంది. సాధారణంగా అది సుమారు 0.4 నుంచి 4 లోపల ఉండాలి. కాన్సర్ ఆపరేషన్ అయినవారికి ఇంకా తక్కువ ఉండేలా కూడా చూస్తారు. అంటే ఆమెకు హార్మోను బాగా తక్కువైంది.

హార్మోను తగ్గితే మంట తగ్గినట్లే. చలి ఎక్కువ వేస్తుంది. మలబద్ధం వస్తుంది. జుట్టు రాలుతుంది. గొంతు బొంగురుపోతుంది. పొద్దున లేచేసరికి ముఖం, కళ్ళ కింద ఉబ్బుతుంది. ఎంత నిద్రపోయినా బద్ధకం తీరదు. రక్తంలో కొలెస్టరాల్ కూడా పెరుగుతుంది. బరువూ పెరుగుతుంది. ఐతే ఆ బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పు, నీరు. హార్మోను లోపం ఒక్కదాని వల్ల పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 5 కిలోలు. మాత్ర మోతాదు సరిపోతే అందులో చాలా భాగం తిరిగి తగ్గిపోతుంది.

బి.పి. సంగతి చూద్దాం. హార్మోను తగ్గినప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, కాని చిన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి. గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తనాళాలలో ఉండే ఒత్తిడి ఎక్కువవుతుంది. అందువల్ల ముఖ్యంగా కింది అంకె పెరుగుతుంది. ఈ సోదరికి 142/98 వచ్చింది అందుకే.

అంటే ఆమె ఏ మాత్ర వల్ల లావెక్కానని అనుకుంటున్నారో, ఆ మాత్ర తగ్గించడమే బరువు, బి.పి. పెరగడానికి కారణం. పూర్తిగా మానేస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. నెలల తరబడి హార్మోను పూర్తిగా లేకపోతే మనిషి స్పృహ తప్పే స్థితికి కూడా వెళ్ళవచ్చు. అమ్మా, రేపటి నుంచి మీ డాక్టరు రాసిన 100 మైక్రోగ్రాముల మాత్ర ప్రతిరోజూ వేసుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టి.ఎస్.హెచ్. చేయించి ఆయనకు చూపించండి. అప్పటికీ బి.పి. తగ్గకపోతే దానికి వేరే చికిత్స అవసరమా అన్నది ఆయనే చెబుతారు. ఈలోగా వారానికి రెండుసార్లు బి.పి. చూపించుకుని రాసిపెట్టండి. 160/100 దాటితే ఎనిమిది వారాలు ఆగవద్దు, వెంటనే వెళ్ళి చూపించుకోండి.

మాత్ర ఎక్కువైతే

కరీంనగర్ పెద్దాయన విషయం దీనికి పూర్తిగా తలకిందులు. మూడేళ్ళ క్రితం రాసిన 150 మైక్రోగ్రాముల చీటీనే మందుల షాపులో చూపించి ఇప్పటికీ అదే మోతాదు కొంటున్నారు. ఏడాదిన్నరగా రక్తపరీక్ష లేదు. ఈ మధ్య చేయించిన పరీక్షలో టి.ఎస్.హెచ్. 0.01 కంటె తక్కువ అని వచ్చింది. అంటే పొయ్యి భగభగా మండుతోంది. తిన్నదంతా ఆ మంటలో కరిగిపోతోంది. అందుకే ఆకలి బాగున్నా బరువు తగ్గుతోంది. చేతుల వణుకు, చెమటలు, దడ, నిద్రలేమి, చీటికిమాటికి కోపం, రోజుకు రెండు మూడుసార్లు విరేచనం కావడం ఇవన్నీ హార్మోను ఎక్కువైన లక్షణాలు.

ఈ స్థితిలో గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. కాబట్టి బి.పి.లో పై అంకె పెరుగుతుంది. చిన్న రక్తనాళాలు వదులవుతాయి కాబట్టి కింది అంకె తగ్గుతుంది. రెండు అంకెల మధ్య దూరం చూడండి. తెనాలి సోదరికి 142కీ 98కీ మధ్య తేడా 44. ఈయనకు 160కీ 70కీ మధ్య తేడా 90. బి.పి. పెరిగిందని ఇద్దరూ అంటున్నా, ఒకరికి పెరిగినది కింది అంకె, మరొకరికి పై అంకె. ఇద్దరికీ ఒకే రకం బి.పి. మాత్ర ఇచ్చి ఊరుకుంటే మూలకారణం అలాగే ఉండిపోతుంది. ఐతే ఈ తేడాను బట్టి ఇంట్లోనే రోగనిర్ణయం చేయకండి. వయస్సు పైబడినవారిలో రక్తనాళాలు గట్టిపడటం వల్ల కూడా పై అంకె పెరిగి తేడా ఎక్కువవుతుంది. ఏది నిజమో చెప్పేది రక్తపరీక్షే.

అమ్మాయీ, మీ నాన్నగారు బరువు తగ్గినంత మాత్రాన కాన్సర్ తిరగబెట్టిందని అనుకోవద్దు. ఆయన రిపోర్టును బట్టి బరువు తగ్గడానికి తగిన కారణం కనిపిస్తూనే ఉంది. సాధారణంగా వచ్చే థైరాయిడ్ కాన్సర్లు తిరిగి వచ్చాయా లేదా అన్నది రక్తంలో థైరోగ్లోబ్యులిన్ పరీక్ష, మెడకు అల్ట్రాసౌండ్ స్కానింగ్‌ల ద్వారా తెలుస్తుంది. ఏడాదిన్నరగా చూపించుకోలేదు కాబట్టి అవి కూడా ఇప్పుడే చేయించండి. మీ అమ్మగారి భయం తీరుతుంది.

కాని ఒక విషయంలో ఆలస్యం చేయకండి. హార్మోను ఎక్కువైతే, అందులోను అరవై దాటినవారిలో, గుండె లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకునే జబ్బు రావచ్చు. దానివల్ల గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుచేత ఈ రెండు మూడు రోజుల్లోనే ఆయన్ను తీసుకువెళ్ళి ఇ.సి.జి. తీయించండి. మాత్ర ఎంతకు తగ్గించాలో డాక్టరే చెప్పాలి. ఇప్పుడు వేసుకుంటున్న బి.పి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఈ సంగతి నాన్నగారికి చెప్పకుండా దాచడం కూడా మంచిది కాదు. ఆయనకు చెప్పవలసింది భయంకరమైన వార్త కాదు, మోతాదు సరిచేయాలన్న వార్త.

కాన్సర్‌కు మోతాదు వేరుగా ఎందుకు?

"మా వదినకు మామూలు థైరాయిడ్. ఆవిడకు 50 మైక్రోగ్రాములు, నాకు 125 ఎందుకు?" అని అడిగేవారున్నారు. మామూలు థైరాయిడ్ లోపంలో గ్రంథి కొంత పనిచేస్తూనే ఉంటుంది, మాత్ర ఆ లోటు మాత్రం పూరిస్తుంది. గ్రంథి మొత్తం తీసివేసినవారికి అవసరమంతా మాత్ర నుంచే రావాలి. శరీరం బరువులో ప్రతి కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 100 మైక్రోగ్రాములు.

ఇంకో కారణం ఉంది. ఎక్కువగా వచ్చే పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాల కాన్సర్లలో, ఎక్కడైనా మిగిలిపోయిన కణాలను టి.ఎస్.హెచ్. ప్రేరేపిస్తుంది. అందుకని కొందరికి మాత్ర ఒకింత ఎక్కువ ఇచ్చి టి.ఎస్.హెచ్.ను కావాలనే తగ్గించి ఉంచుతారు. గతంలో దాదాపు అందరికీ ఏళ్ళ తరబడి ఇలా చేసేవారు. దానివల్ల గుండె లయ తప్పడం, ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు బోలుగా మారడం గమనించాక, ఈనాడు ఎవరికి ఎంత అవసరమో చూసి నిర్ణయిస్తున్నారు. కాన్సర్ తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి 0.1 కంటె తక్కువ. ప్రమాదం తక్కువగా ఉండి, పరీక్షలన్నీ బాగున్నవారికి మామూలు పరిమితిలోనే ఉంచితే చాలు.

కాబట్టి మీ డాక్టరును అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "నాకు టి.ఎస్.హెచ్. ఎంత ఉండాలని మీరు నిర్ణయించారు?" ఆ అంకె చీటీ మీద రాయించుకోండి. లాబొరేటరీ కాగితం మీద "తక్కువ" అని ముద్రించి ఉన్నా, అది మీకు కావాలని ఉంచినదే కావచ్చు. వేరే ఊళ్ళో ఇంకో డాక్టరు ఆ కాగితం చూసి మాత్ర తగ్గించకుండా ఈ చీటీ కాపాడుతుంది.

రేడియో అయోడిన్‌కు ముందు

కొందరికి ఆపరేషన్ తర్వాత రేడియో అయోడిన్ ఇస్తారు. అది బాగా పనిచేయాలంటే టి.ఎస్.హెచ్. 30కి పైగా పెరగాలి. అందుకని మూడు, నాలుగు వారాలు మాత్ర ఆపమంటారు. దీనికి బదులు వాడే ఇంజెక్షన్ కూడా ఉంది, కాని ఖరీదు ఎక్కువ. మాత్ర ఆపిన ఆ వారాలలో ముఖం ఉబ్బుతుంది, మూడు నాలుగు కిలోలు పెరగవచ్చు, కింది బి.పి. పెరగవచ్చు, దిగులుగా ఉంటుంది. ఇది తాత్కాలికం. మళ్ళీ మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకు అన్నీ సర్దుకుంటాయి. అంతకు ముందే బి.పి., గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ఆ సంగతి తప్పక చెప్పాలి. ఇది డాక్టరు చెప్పి, తేదీ వేసి ఆపించే ఆపుదల. దీన్ని చూసి "అప్పుడు ఆపితే ఏమీ కాలేదు కదా" అని సొంతంగా ఆపకూడదు.

మాత్ర వేసుకునే పద్ధతి

మోతాదు సరిగా ఉన్నా వేసుకునే పద్ధతి సరిగా లేక చాలామందికి టి.ఎస్.హెచ్. కుదురుకోదు. తెనాలి సోదరి మాత్రను కాఫీతో, దానితో పాటే కాల్షియం బిళ్ళను కూడా వేసుకుంటున్నారట! ఈ పద్ధతి పాటించండి.

పొద్దున లేవగానే, పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోండి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట వరకు కాఫీ, టీ, పాలు, టిఫిను వద్దు. కాల్షియం, ఐరన్, కడుపులో మంటకు వాడే యాంటాసిడ్ మందులకూ దీనికీ మధ్య నాలుగు గంటలు తేడా ఉండాలి. పొద్దున కుదరనివారు రాత్రి భోజనమైన మూడు, నాలుగు గంటల తర్వాత పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. ఏ సమయమైనా రోజూ ఒకటే ఉండాలి.

సీసాను వంటింట్లో పొయ్యి పక్కన, కిటికీలో ఎండ తగిలే చోట పెట్టకండి. కంపెనీ మారితే ఆరు వారాల తర్వాత ఒకసారి పరీక్ష చేయించండి. ఒకరోజు మరిచిపోతే కంగారు పడనవసరం లేదు. ఈ హార్మోను రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది. మోతాదు మార్చిన వారానికే పరీక్ష చేయిస్తే సరైన ఫలితం రాకపోవడానికీ, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమనడానికీ కారణం ఇదే.

జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్ళలు వేసుకునేవారు రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు అవి ఆపండి. లేకపోతే కొన్ని లాబొరేటరీలలో థైరాయిడ్ పరీక్ష తప్పుగా వస్తుంది.

మిగిలిన బరువు సంగతి

టి.ఎస్.హెచ్. సరిగా ఉన్నా బరువు పెరుగుతూనే ఉంటే, నేరమంతా థైరాయిడ్ మీద వేయడం న్యాయం కాదు. ఈ ఆపరేషన్ చేయించుకున్నవారి మీద వివిధ దేశాలలో జరిగిన పరిశీలనలన్నీ కలిపి చూస్తే, సగటున పెరిగిన బరువు 2 కిలోలే. తెనాలి సోదరి పెరిగినది 7 కిలోలు. అందులో కొంత నీరు. మిగతాది ఎక్కడిది?

మన ఇళ్ళలో కాన్సర్ అనగానే రోగిని కాలు కదపనివ్వరు. బలానికని పాలు, నెయ్యి, సున్నుండలు, పూటకో గుడ్డు పెడతారు. ప్రేమతో చేసేదే. కాని ఒక పెద్ద చెంచా నూనెలోనే దాదాపు 120 కాలరీలున్నాయి. గాయం మానిన తర్వాత ఈ ఆపరేషన్‌కు ప్రత్యేకమైన బలవర్ధకాహారం అవసరం లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు, ఆకుకూర, మజ్జిగ పెంచండి. నూనె మనిషికి నెలకు అర లీటరుకు మించకుండా చూసుకోండి. డాక్టరు సరేనన్న నాటి నుంచి రోజూ అరగంట చురుకుగా నడవండి. నలభై దాటిన స్త్రీలలో ముట్లు ఆగిపోయే వయస్సు కూడా బరువు పెంచుతుంది.

బి.పి. విషయంలో ఉప్పు ముఖ్యం. రోజు మొత్తం మీద మనిషికి 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలలోని ఉప్పంతా ఈ లెక్కలోదే.

బి.పి. చూపించుకునేటప్పుడు మెట్లెక్కి ఆయాసంతో వెళ్ళి వెంటనే చెయ్యి చాపకండి. కాఫీ, సిగరెట్ మానిన అరగంట తర్వాత, అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి. నాడి ఎంత ఉందో కూడా రాసుకోవాలి. నాడి లేకుండా రాసిన బి.పి. థైరాయిడ్ రోగి విషయంలో సగం సమాచారమే.

మరికొన్ని కారణాలు

మెడల్లరీ అనే రకం కాన్సర్ అరుదు. అందులో దాదాపు నాలుగో వంతు కేసులు వంశపారంపర్యంగా వస్తాయి. అలాంటి కుటుంబాలలో కొందరికి మూత్రపిండాల పైనున్న ఎడ్రినల్ గ్రంథిలో కూడా గడ్డ ఉండవచ్చు. అప్పుడు హఠాత్తుగా తలనొప్పి, చెమటలు, దడతో బి.పి. విపరీతంగా పెరిగి కాసేపటికి తగ్గుతుంది. ఇలా జరిగితే డాక్టరుకు చెప్పి తీరాలి. ఈ రకంలో టి.ఎస్.హెచ్. తగ్గించి ఉంచడం, రేడియో అయోడిన్ ఉపయోగపడవు. మీది ఏ రకమో బయాప్సీ రిపోర్టులో ఉంటుంది. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

థైరాయిడ్ వెనుక అంటుకుని సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. రక్తంలో కాల్షియం అదుపులో ఉంచేవి అవి. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగిలితే మూతి చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం జరుగుతాయి. ఇది నరాల బలహీనత అని టానిక్కులు తాగుతూ కూర్చోకూడదు.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: క్యాబేజీ, కాలీఫ్లవర్ తినకూడదా?
జవాబు: గ్రంథి మొత్తం తీసేశాక వాటిని మానవలసిన పని లేదు. అవి గ్రంథి మీద పనిచేస్తాయనే కదా మానమన్నది! గ్రంథే లేదు. నిశ్చింతగా తినండి.

ప్రశ్న: ఏకాదశి, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను. మాత్ర వేసుకోవచ్చా?
జవాబు: వేసుకోవాలి. గుక్కెడు నీళ్ళతో వేసుకునే మాత్ర ఉపవాసాన్ని చెడగొట్టదు. రంజాన్ ఉపవాసం ఉండేవారు సహరీకి అరగంట, గంట ముందు గాని, రాత్రి పడుకునే ముందు ఖాళీ కడుపున గాని వేసుకోవచ్చు.

ప్రశ్న: మాత్ర ఎక్కువైతే బరువు తగ్గుతుందన్నారు. లావుగా ఉన్నాను. ఒక మాత్ర ఎక్కువ వేసుకుంటే?
జవాబు: ఆ పని ఎన్నడూ చేయకండి. తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు, కండ, ఎముక కూడా. గుండెకు ప్రమాదం.

ప్రశ్న: ఆపరేషన్ అయింది. పిల్లలు కావాలనుకుంటున్నాం. మాత్ర ఆపాలా?
జవాబు: ఆపకూడదు. గర్భవతికి హార్మోను ఇంకా ఎక్కువ, సుమారు నాలుగో వంతు ఎక్కువ కావాలి. నెల తప్పిన వెంటనే డాక్టరును కలవండి. రేడియో అయోడిన్ తీసుకున్నవారు కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

ప్రశ్న: నాకు ఒక వైపు గ్రంథి మాత్రమే తీశారు. జీవితాంతం మాత్ర వాడాలా?
జవాబు: అందరికీ అవసరం ఉండదు. మిగిలిన సగం చాలామందిలో సరిపడా పనిచేస్తుంది. పరీక్ష చేసి నిర్ణయిస్తారు.

ఎప్పుడు వెంటనే వెళ్ళాలి?

ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రోజుల్లో మెడ ఉబ్బి ఊపిరి ఆడకపోతే, చేతులు కొంకర్లు పోతే, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్లనిపిస్తే, ఛాతీలో నొప్పి వస్తే, మూతి వంకర పోవడం, మాట తడబడటం జరిగితే, బి.పి. 180/120 దాటితే తెల్లవారేదాకా ఆగవద్దు.

మిగిలినవారికి ఒక్క సలహా. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. వారానికొకసారి, పొద్దున పరగడుపున చూసిన బరువు, బి.పి., నాడి రాయండి. మాత్ర మోతాదు మారిన తేదీ రాయండి. టి.ఎస్.హెచ్. చేయించిన ప్రతిసారీ ఆ అంకె, పక్కన మీకు ఉండవలసిన అంకె రాయండి. మోతాదు కుదిరాక ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరీక్ష చాలు, కాని అది తప్పకూడదు. సాధారణంగా వచ్చే థైరాయిడ్ కాన్సర్లకు సకాలంలో సరైన చికిత్స జరిగితే చాలామంది నిండు నూరేళ్ళూ బ్రతుకుతారు. అన్నేళ్ళూ బరువు, బి.పి. అదుపులో ఉండాలంటే ఆ మాత్రను పక్కింటివారి మాట మీద కాక, పరీక్ష చెప్పిన మాట మీద వేసుకోండి.